గ్నూప్లాట్ గ్రాఫులో మైనస్ వాన ఎందుకు పడుతుంది?

అనంతపురం జిల్లాలో ఒక రెయిన్ గేజ్ లెక్కని ఫైల్లో పెట్టి, దానికి హిస్టోగ్రామ్ (ఎంతెంత వాన ఎన్నెన్ని రోజులు పడిందో చూపే కడ్డీల బొమ్మ) గీయమని గ్నూప్లాట్ అనే గ్రాఫుల ప్రోగ్రాంకి చెబితే ఒక్కోసారి మొదటి కడ్డీ సున్నాకి ఎడమవైపు నుంచి మొదలవుతుంది. అంటే మైనస్ 8 మిల్లీమీటర్ల వాన అన్నమాట. ఏడాది మొత్తానికి దాదాపు 550 మిల్లీమీటర్లు పడే జిల్లాకి ఇది మరీ అన్యాయం. డేటాలో తప్పు లేదు, ప్రోగ్రాం కూడా చెడిపోలేదు. అంకెల్ని ఏ గంపలో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వేయాలో మనం చెప్పలేదు కాబట్టి అదే ఒక నిర్ణయం తీసేసుకుంది, అంతే.

గ్నూప్లాట్ పాతది. 1986లో థామస్ విలియమ్స్, కోలిన్ కెల్లీ మొదలుపెట్టారు. పేరులో గ్నూ ఉన్నా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టుకీ దీనికీ సంబంధం లేదు. బటన్లు, మెనూలతో పని ఉండదు, కమాండ్ టైప్ చేస్తే గ్రాఫు గీస్తుంది. ఎంత పాత లాప్‌టాప్‌లో అయినా నడుస్తుంది. గ్రాఫిక్స్ లేని సర్వర్ మీదైతే 'సెట్ టర్మినల్ డంబ్' అంటే చుక్కలు, గీతలు, నక్షత్రాల గుర్తులతో ఆ నల్ల స్క్రీన్ మీదే బొమ్మ వేసి చూపిస్తుంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఇక్కడ కమాండ్లన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

బిన్నింగ్, అంటే అంకెల్ని గంపల్లో (బిన్లలో) వేయడం, ఏమిటో బుడ్డల (వేరుశనగ) మిల్లు చూసినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఒలిచిన విత్తనాల్ని వరుసగా జల్లెళ్ళ మీద పోస్తారు, పెద్ద బెజ్జాల జల్లెడలో ఆగినవి ఒక కుప్ప, దాన్ని దాటి తర్వాతి దాంట్లో ఆగినవి ఇంకో కుప్ప. గింజలు అవే ఉంటాయి, జల్లెడ మారిస్తే కుప్పల సైజులు మారిపోతాయి. హిస్టోగ్రామ్‌లో బెజ్జం సైజు బదులు బిన్ వెడల్పు ఉంటుంది, కుప్ప ఎత్తు బదులు కడ్డీ ఎత్తు. హిస్టోగ్రామ్ అనే మాటని 1890ల్లో వాడుకలోకి తెచ్చింది గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్.

మొదట్లో చాలామంది ఒక చోట బోల్తా పడతారు. గ్నూప్లాట్‌లో 'హిస్టోగ్రామ్స్' పేరుతోనే ఒక స్టైల్ ఉంది, సహజంగానే అదే వాడాలేమో అనిపిస్తుంది. కానీ అది దేన్నీ బిన్ చేయదు. ఫైల్లో ఉన్న అంకెని ఉన్నట్టే కడ్డీగా నిలబెడుతుంది, పక్క పక్కన కాలమ్స్ పెట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది. 365 రోజుల వాన దానికిస్తే 365 కడ్డీలు వస్తాయి. పేరు పెట్టినవాళ్ళు కాస్త ఆలోచించి ఉంటే ఎంతోమందికి ఒక సాయంత్రం మిగిలేది.

లెక్క చేత్తో సరిచూసుకోవడానికి వీలుగా పన్నెండు అంకెలు అనుకుందాం. ఇవి ఏ స్టేషన్‌వీ కావు, ఉదాహరణ కోసం రాసినవి. వాన పడిన పన్నెండు రోజులు, మిల్లీమీటర్లలో:

0.4, 1.2, 2.4, 2.6, 4.8, 5.0, 7.5, 9.8, 10.2, 14.6, 22.4, 68.0

2017లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి గ్నూప్లాట్‌లో 'బిన్స్' అనే ఆప్షన్ ఉంది. ప్లాట్ కమాండ్‌లో బిన్స్=5 అని రాస్తే చాలు, ఐదు గంపలు పెట్టి లెక్క వేసేస్తుంది. కానీ వేసే పద్ధతి మనం అనుకునేది కాదు. కనిష్ఠం 0.4, గరిష్ఠం 68.0, తేడా 67.6. దీన్ని 5తో భాగించి 13.52 వెడల్పు పెడుతుందనుకుంటాం. అది 4తో భాగిస్తుంది, అంటే బిన్ల సంఖ్యలో ఒకటి తగ్గించి. వెడల్పు 16.9 అవుతుంది. ఎందుకంటే మొదటి బిన్ మధ్యలో కనిష్ఠాన్ని, చివరి బిన్ మధ్యలో గరిష్ఠాన్ని కూర్చోబెట్టడం దాని పద్ధతి. దాంతో మొదటి గంప మైనస్ 8.05 నుంచి 8.85 దాకా, రెండోది 8.85 నుంచి 25.75 దాకా, అలా చివరిది 59.55 నుంచి 76.45 దాకా పోతుంది. లెక్కలు వరుసగా 7, 4, 0, 0, 1. మైనస్ వాన పుట్టింది ఇక్కడే. దానికి తోడు ఆ 8.85, 25.75 అనే అంచుల్ని చూసి ఏ రైతూ ఏ అధికారీ ఏమీ అర్థం చేసుకోలేరు. ఇంకో నెల డేటా కలిపితే, గరిష్ఠం కాస్త మారినా అంచులన్నీ జరిగిపోతాయి, పోయిన నెల గ్రాఫుతో ఈ నెల గ్రాఫుని పోల్చడానికే ఉండదు.

సంఖ్య బదులు 'బిన్‌విడ్త్' ఇస్తే కొంత మేలు, ఎన్ని గంపలు కావాలో అదే లెక్క వేసుకుంటుంది. 'బిన్‌రేంజ్' కూడా ఇవ్వచ్చు. అయినా అంచులు ఎక్కడ పడ్డాయో 'సెట్ టేబుల్' పెట్టి ఒకసారి అంకెల రూపంలో బయటికి తీసి చూసుకోవడం మంచిది, రెండు నిమిషాల పని.

ఈ ఆప్షన్ రాకముందు నుంచీ జనం వాడే సూత్రం ఒకటుంది. నిజానికి ఇప్పటికీ అదే నయం, ఎందుకంటే అందులో ఏం జరుగుతోందో కళ్ళముందే ఉంటుంది:

వె = 5
బిన్(ఎక్స్) = వె * ఫ్లోర్(ఎక్స్/వె) + వె/2.0
సెట్ బాక్స్‌విడ్త్ వె
సెట్ వైరేంజ్ [0:*]
ప్లాట్ 'వాన.టెక్స్ట్' యూజింగ్ (బిన్($1)):(1.0) స్మూత్ ఫ్రీక్వెన్సీ విత్ బాక్సెస్

$1 అంటే ఫైల్లో మొదటి కాలమ్. అందులోని ప్రతి అంకెనీ వెడల్పుతో భాగించి, దశాంశం కిందికి కోసేసి (ఫ్లోర్ చేసేది ఇదే), మళ్ళీ వెడల్పుతో గుణిస్తే ఆ అంకె ఉండాల్సిన గంప ఎడమ అంచు వస్తుంది. 7.5ని 5తో భాగిస్తే 1.5, ఫ్లోర్ చేస్తే 1, గుణిస్తే 5. అంటే 5 నుంచి 10 గంప. ప్రతి రోజూ ఒక్కో ఓటు వేస్తుంది, అదే ఆ 1.0. ఒకే గంపలో పడిన ఓట్లన్నీ కూడేది 'స్మూత్ ఫ్రీక్వెన్సీ'. దాని పేరులో స్మూత్ ఉందని కంగారు పడక్కర్లేదు, అది దేన్నీ నునుపు చేయదు, ఒకే ఎక్స్ విలువ ఉన్నవాటిని కలిపి కూడుతుంది, అంతే. మన డేటాకి 0–5లో 5 రోజులు, 5–10లో 3, 10–15లో 2, 20–25లో 1, 65–70లో 1 వస్తాయి.

ఆ నాలుగైదు లైన్లలో కొన్ని ముక్కలు తీసేస్తే బొమ్మ అబద్ధం చెబుతుంది, అది కూడా ఏ ఎర్రర్ మెసేజీ లేకుండా. చివర కలిపిన వె/2.0 తీసేస్తే కడ్డీ మధ్యభాగం ఎడమ అంచు మీద కూర్చుంటుంది, 0–5 కడ్డీ మైనస్ 2.5 నుంచి 2.5 దాకా కనిపిస్తుంది, మళ్ళీ మైనస్ వానే. పోనీ కలిపాం కానీ 2.0 బదులు 2 అని రాశాం అనుకోండి, గ్నూప్లాట్‌లో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే జవాబు కూడా పూర్ణాంకమే, 5/2 అంటే 2. కడ్డీలన్నీ అర మిల్లీమీటర్ పక్కకి జరుగుతాయి, కంటికి తెలియదు కూడా. వైరేంజ్ లైన్ కూడా ఊరికే లేదు, నిలువు గీత సున్నా నుంచి కాక 1 నుంచి మొదలైతే ఒక్క రోజు ఉన్న కడ్డీలు మాయమవుతాయి, మన డేటాలో ఆ మాయమయ్యే వాటిలో 68 మిల్లీమీటర్ల రోజు ఉంది.

అన్నిటికన్నా ప్రమాదం బాక్స్‌విడ్త్ మరిచిపోవడం. వెడల్పు చెప్పకపోతే ప్రతి కడ్డీ పక్క కడ్డీని తాకేదాకా సాగుతుంది. అన్ని గంపల్లోనూ ఏదో ఒకటి ఉంటే ఇది ఎవరికీ పట్టదు. కానీ స్మూత్ ఫ్రీక్వెన్సీకి ఖాళీ గంప అనేది తెలియదు, ఒక్క అంకె కూడా పడని చోట కడ్డీయే ఉండదు. 15–20 ఖాళీ, 25 నుంచి 65 దాకా ఖాళీ. అప్పుడు 22.5 దగ్గరున్న ఒంటరి కడ్డీ ఎడమవైపు 17.5 దాకా, కుడివైపు 45 దాకా ఒళ్ళు విరుచుకుంటుంది. ఒక్క రోజు పడిన 22 మిల్లీమీటర్ల వాన గ్రాఫులో 17 నుంచి 45 దాకా అన్ని రకాల వానలూ పడినట్టు కనిపిస్తుంది. మన డేటాలో అసలు సంగతే ఆ ఖాళీ, నడిమి వానలు లేకపోవడం. ఆ ఖాళీనే బొమ్మ పూడ్చేస్తే ఇక గ్రాఫు దేనికి?

ఫ్లోర్ బదులు 'ఇంట్' వాడేవాళ్ళు కూడా ఉన్నారు. ధన సంఖ్యలకి రెండూ ఒకటే, అందుకే తప్పు దొరకదు. సాధారణం కన్నా ఎంత శాతం ఎక్కువో తక్కువో చెప్పే అంకెల్ని బిన్ చేసినప్పుడు బయటపడుతుంది, ఎందుకంటే అనంతపురంలో ఆ అంకెలకి ముందు మైనస్ ఉండడం కొత్తేమీ కాదు. వెడల్పు 10 అనుకుంటే మైనస్ 7ని ఫ్లోర్ మైనస్ 10 గంపలో వేస్తుంది. ఇంట్ మాత్రం దశాంశాన్ని సున్నా వైపు కోస్తుంది కాబట్టి మైనస్ 7ని, ప్లస్ 7ని కలిపి సున్నా గంపలోనే పడేస్తుంది. ఆ ఒక్క గంప మిగతావాటికి రెట్టింపు వెడల్పు అయిపోతుంది, మధ్యలో పెద్ద కడ్డీ లేచి, ఎక్కువ ఏళ్ళు మామూలుగానే గడిచాయన్న భ్రమ కలుగుతుంది. తమాషా ఏమిటంటే వాతావరణ శాఖ వర్గీకరణలోనూ మధ్య గంప వెడల్పే, మైనస్ 19 శాతం నుంచి ప్లస్ 19 శాతం దాకా అంతా 'సాధారణం'. మైనస్ 20 నుంచి మైనస్ 59 దాకా లోటు, మైనస్ 60 నుంచి తీవ్ర లోటు. అది తెలిసి గీసిన గీత, ఇంట్ చేసేది తెలియక జరిగే పొరపాటు. అయినా మైనస్ 18 శాతం వాన పడిన ఏడాదిని సాధారణం అంటే, మెట్ట చేలో బుడ్డలు వేసినవాళ్ళు ఏమంటారో అది వేరే సంగతి.

ఇంకో చిన్న చికాకు దశాంశాలతో. వెడల్పు 0.1 పెడితే 0.3 మిల్లీమీటర్లు 0.3 గంపలో పడాలి కదా, పడదు. కంప్యూటర్‌లో 0.3ని 0.1తో భాగిస్తే 3 రాదు, 2.9999999999999996 వస్తుంది, ఫ్లోర్ దాన్ని 2 చేస్తుంది. 0.6, 0.7 కూడా ఇలాగే కింది గంపలోకి జారతాయి. వాన లెక్క ఒక దశాంశ స్థానం దాకా రాస్తారు కాబట్టి ముందే పదితో గుణించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి, పూర్ణాంకాల వెడల్పుతో బిన్ చేస్తే ఈ టెన్షన్ ఉండదు.

వెడల్పు ఎంత పెట్టాలి అన్నదానికి పుస్తకాల్లో సూత్రాలున్నాయి. 1926లో స్టర్జెస్ చెప్పినదాని ప్రకారం అంకెల సంఖ్యకి రెండు ఆధారంగా లాగరిథమ్ తీసి ఒకటి కలపాలి, మన పన్నెండుకి 4.6 వస్తుంది, అంటే 5 గంపలు. గంట ఆకారంలో ఉండే డేటాకి అది సరే, వాన ఆకారం గంట కాదు, ఒక పక్క కుప్ప, ఇంకో పక్క పొడుగు తోక. 1981లో ఫ్రీడ్‌మన్, డయాకోనిస్ ఇచ్చినది ఇలాంటి వాటికి కాస్త నయం: నడిమి సగం అంకెల వ్యాప్తిని రెట్టింపు చేసి, అంకెల సంఖ్య ఘనమూలంతో భాగించాలి. మన డేటాలో నడిమి సగం 2.5 నుంచి 12.4 దాకా ఉంది, వ్యాప్తి 9.9, వెడల్పు సుమారు 8.6 వస్తుంది. గ్నూప్లాట్‌లో 'స్టాట్స్' కమాండ్ ఈ క్వార్టైల్స్ (నడిమి సగానికి రెండు అంచులు) ఇచ్చేస్తుంది, చేత్తో వెతుక్కోనక్కర్లేదు. కాకపోతే ఆ 8.6ని అలాగే పెట్టడం తెలివైన పని కాదు.

అర్థం ఉన్న గీత దగ్గర అంచు పడాలి. భారత వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, అంతకన్నా ఎక్కువ పడితేనే అది వర్షపు రోజు. 5 వెడల్పుతో గీసిన గ్రాఫులో 2.4, 2.6 ఒకే గంపలో ఉన్నాయి, నిజానికి ఒకటి వర్షపు రోజు కాదు, ఇంకోటి అవును. వెడల్పు 2.5 పెడితే మొదటి గంపలో 3 రోజులు విడిగా పడతాయి, మిగతా 9 వర్షపు రోజులు. పైగా 2.5 కంప్యూటర్‌లో కచ్చితంగా నిలిచే సంఖ్య, 0.1 లాగా జారదు. ఏడాది మొత్తం ఫైల్ ఇచ్చినప్పుడు వాన పడని రోజుల సున్నాలు కూడా ఉంటాయి, ఈ జిల్లాలో వాటిదే మెజారిటీ. వాటిని తీయకపోతే మొదటి కడ్డీ ఆకాశానికంటి మిగతావన్నీ నేలకి అతుక్కుపోతాయి. యూజింగ్‌లో 'సున్నా కన్నా ఎక్కువైతే ఇది, లేకపోతే 1/0' అని షరతు పెడితే గ్నూప్లాట్ వాటిని వదిలేస్తుంది. ఎన్ని సున్నాలు వదిలేశామో గ్రాఫు కింద ఒక ముక్క రాయాలి, లేకపోతే రోజూ వాన పడే ఊరిలా కనిపిస్తుంది.

వాతావరణ శాఖ వాడే గంపలే నేరుగా పెడితే పోదా అనిపించచ్చు. 2.4 దాకా చాలా తేలికపాటి, 2.5 నుంచి 15.5 తేలికపాటి, 15.6 నుంచి 64.4 మోస్తరు, 64.5 నుంచి 115.5 భారీ, 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. పెట్టచ్చు, కానీ ఇవి సమాన వెడల్పు గంపలు కావు. మన డేటాకి లెక్కలు 3, 7, 1, 1. ఎత్తుగా ఉన్నది తేలికపాటి కడ్డీ. ఆ గంప వెడల్పు 13 మిల్లీమీటర్లు, దాని ముందుది రెండున్నరే. పెద్ద గంపలో ఎక్కువ పడడంలో వింతేముంది? రోజుల్ని వెడల్పుతో భాగిస్తే మొదటిదానికి మిల్లీమీటర్‌కి 1.2 రోజులు, రెండోదానికి 0.54, బొమ్మ తిరగబడింది. హిస్టోగ్రామ్‌లో చూడాల్సింది కడ్డీ విస్తీర్ణం, ఎత్తు కాదు. సమాన వెడల్పు ఉన్నప్పుడు రెండూ ఒకటే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ అసమాన గంపల పనికి ఫ్లోర్ సూత్రం కుదరదు, ముందు ఆక్ (ఫైల్ని లైను లైనుగా చదివి లెక్కలు చేసే ప్రోగ్రాం) లాంటి దాంతో లెక్క పెట్టించుకుని, మధ్యబిందువు, ఎత్తు, వెడల్పు మూడు కాలమ్స్‌గా బాక్సెస్‌కి ఇవ్వాలి.

ఇంతవరకూ లెక్కపెట్టింది రోజుల్ని. ఒక్క మార్పు చేసి చూడండి: ఆ 1.0 తీసేసి దాని బదులు వాన అంకెనే పెట్టండి, అంటే ($1). ఇప్పుడు ప్రతి రోజూ ఒక ఓటు కాదు, ఎన్ని మిల్లీమీటర్లు పడితే అన్ని ఓట్లు. మన పన్నెండు రోజుల మొత్తం వాన 148.9. ఇందాక అందరికన్నా ఎత్తుగా నిలబడ్డ 0–5 గంప, ఐదు రోజులూ కలిపి 11.4 మిల్లీమీటర్లతో నేల మీద కూర్చుంటుంది. చివర మూలలో ఒక్క రోజుతో ఎవరికీ ఆనని 65–70 కడ్డీ 68కి లేస్తుంది, మొత్తం వానలో 45 శాతం పైన. అంకెలు ఊహించినవే అయినా ఈ ఆకారం సీమలో వ్యవసాయం చేసేవాళ్ళకి బాగా తెలిసిందే. మండలానికి వాన సాధారణమే అని కాగితం చెబుతుంది, ఆ సాధారణంలో సగం ఒక్క రాత్రి కురిసి వంకల్లో పోయింది, బుడ్డలకి ఊడలు దిగే టైముకి భూమిలో పదును లేదు. రోజుల హిస్టోగ్రామ్, మిల్లీమీటర్ల హిస్టోగ్రామ్ ఒకదాని కింద ఒకటి పెట్టాలి, 'మల్టీప్లాట్' ఉన్నది అందుకే. ఒక్కటే చూపిస్తే సగమే చెప్పినట్టు.

ఇక అసలు ఈ 'రోజు' అనేది కూడా ఒక గంపే. రెయిన్ గేజ్ కొలిచేది పొద్దున 8:30కి, గడిచిన 24 గంటల వాన అంతా ఆ రోజు కింద రాస్తారు. రాత్రంతా కురిసిన 68 మిల్లీమీటర్లు ఒకే గంపలో పడతాయి, అదే వాన తెల్లవారి ఆరింటికి మొదలై పదకొండింటికి ఆగితే రెండు తేదీల మధ్య చీలిపోయి, భారీ వాన కాస్తా రెండు మోస్తరు వానలవుతుంది. ఇది గ్నూప్లాట్ దాకా రాకముందే జరిగిపోయిన బిన్నింగ్, ఏ వెడల్పు పెట్టినా వెనక్కి తీయలేం.

తేదీల్ని వారాలుగా కట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. 5వ వెర్షన్ నుంచి గ్నూప్లాట్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడుతుంది. ఏడు రోజుల సెకన్లతో ఫ్లోర్ చేస్తే వారం ఎక్కడ మొదలవుతుంది? 1970 జనవరి 1 గురువారం, కాబట్టి ప్రతి గంపా గురువారం నుంచి బుధవారం దాకా. సోమవారం నుంచి కావాలంటే భాగించే ముందు నాలుగు రోజుల సెకన్లు తీసేసి, గుణించాక మళ్ళీ కలపాలి.

నిజానికి విత్తనం సంగతికి వారమూ నెలా రెండూ సరిపడవు. జూన్ అంతా కలిపి ఒక కడ్డీ గీస్తే రోహిణిలో పడ్డ వాన, మృగశిరలో పడ్డ వాన, ఆరుద్రలో పడ్డ వాన ఒకే కుప్పలో కలిసిపోతాయి, ఏరువాకకి ఆ మూడింటికీ మధ్య చాలా తేడా ఉంది. కార్తెలు 27, ఒక్కోటి 13 లేక 14 రోజులు, ఏడాదిని మన పెద్దవాళ్ళు కట్టిన గంపలు అవే. 13.5 రోజుల వెడల్పుతో ఫ్లోర్ చేస్తే దగ్గర దగ్గరగా వస్తుంది కానీ అంచులు ఒకటి రెండు రోజులు తప్పుతాయి, అందుకని పంచాంగం చూసి 27 మొదటి తేదీల్ని ఒక ఫైల్లో రాసుకుని, ప్రతి రోజు వాననీ అది పడిన కార్తె కింద ఆక్‌తో కూడి, ఆ 27 మొత్తాల్ని గ్నూప్లాట్‌కి ఇవ్వడం మేలు. లెక్క ముందే అయిపోయింది కాబట్టి, మొదట తిట్టుకున్న ఆ 'హిస్టోగ్రామ్స్' స్టైల్ ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది.